మూడు నెలల కాపురం

నా సోఫా మీద పడుకుని ఇప్పటికి పదకొండు మంది అమెరికా పౌరులయ్యారు. నేను మాత్రం కాలేదు.

మేం హవాయికి దక్షిణాన, సముద్రం మధ్యలో ఉన్న తుతుయిలా ద్వీపంలో పుట్టినవాళ్ళం. అక్కడ ఎగిరే జెండా అమెరికాది, చెల్లే డాలరు అమెరికాది. యుద్ధమంటూ వస్తే అందరికంటే ముందు వరసలో నిలబడేది మా పిల్లలే. పాస్‌పోర్టు కూడా వాళ్ళదే, అదే రంగు, అదే గద్ద బొమ్మ. వెనకాల ఒక పేజీలో మాత్రం చిన్న అక్షరాలతో ఉంటుంది: ఈ పాస్‌పోర్టు గల వ్యక్తి అమెరికా జాతీయుడు, పౌరుడు కాడు. రెంటికీ చెడ్డ రేవడి అంటే మేమే. పౌరులం కావాలంటే ద్వీపం వదిలి ఏదో ఒక రాష్ట్రానికి వచ్చి మూడు నెలలు కాపురముండాలి. ఆ తర్వాతే దరఖాస్తు. ఆపైన వేలిముద్రలు, పరీక్ష, ప్రమాణం, అన్నీ పరాయి దేశంనుంచి ఓడ దిగినవాళ్ళకున్నట్టే.

మాకు దగ్గరున్న రాష్ట్రం హవాయి. హవాయిలో మా వంశం మొత్తానికీ రెండు గదుల ఇల్లున్నది నాకు, వైపాహులో. ఇంకేం కావాలి! ఇరవై ఏడేళ్ళుగా నా ఇల్లొక సత్రం. ఒకరు వెళ్తారు, దుప్పటి ఉతికి ఆరేస్తాను, ఇంకొకరు దిగుతారు. నేనెందుకు దరఖాస్తు పెట్టలేదని అందరూ అడుగుతారు. మొదట్లో మొండితనం. పుట్టిందే వాళ్ళ జెండా కింద, మళ్ళీ వాళ్ళని అడుక్కోవడమేమిటి అని. తర్వాత తర్వాత ఓపిక లేకపోయింది. తెల్లవారుజామునే లేచి బడి వంటశాలలో ఆరువందల మంది పిల్లలకు అన్నం వండి వచ్చినవాళ్ళకు ఇంటికొచ్చాక కాగితాల మీద మనసు పోదు.

పన్నెండో మనిషి మా బాబాయి సెఫనాయా. ఫిబ్రవరి మూడో తేదీన దిగాడు. అరవై మూడేళ్ళు, బడి బస్సు నడుపుతాడు, షుగరుంది. చేతిలో ఒక పెట్టె, మా పిన్ని తెపోరా కట్టిచ్చిన చేమదుంపలు, కొబ్బరిపాలలో ఉడికించిన ఆకుల పొట్లాలు. కారెక్కగానే అడిగాడు.

"ఏమే మారేటా, ఇవాళ్టి రోజు లెక్కలోకొస్తుందా?"

"వస్తుంది బాబాయ్."

"మధ్యాహ్నం దిగాను గదా, సగం రోజే ఇస్తారేమో?"

"రోజుని సగానికి కోసే తెలివి వాళ్ళకింకా రాలేదులే. ఎక్కు."

ఆయన వచ్చింది సరదాకి కాదు. కూతురు అసేనాటి ఇక్కడే, నాకు రెండు వీధుల అవతల ఉంటుంది. ముప్పై నాలుగేళ్ళు. రెండు కిడ్నీలూ పోయి మూడేళ్ళవుతోంది. వారానికి మూడుసార్లు రక్తం శుభ్రం చేయించుకోవాలి, ఒక్కోసారి నాలుగు గంటలు. బంధువులం అందరం రక్త పరీక్ష చేయించుకున్నాం. సగంమందికి షుగరు, నాది కలవలేదు. కలిసింది ఒక్క తెపోరా పిన్నిదే. ఆవిడ కిడ్నీ ఇస్తానని ఆ రోజునుంచీ సిద్ధంగా కూర్చుంది. కానీ పిన్ని పుట్టింది తుతుయిలాలో కాదు, ఎనభై మైళ్ళ అవతల ఉపోలులో. అదే భాష, అదే తిండి, అవే కీర్తనలు, వేరే దేశం. హవాయి రావడానికి వీసా రెండుసార్లు అడిగింది. వెళ్ళినావిడ తిరిగొస్తుందన్న నమ్మకం లేదని రెండుసార్లూ తిప్పికొట్టారు.

అసేనాటి పౌరురాలైతే తల్లిని తెచ్చుకోవచ్చు. అది కూడా దరఖాస్తు పెట్టింది. అప్పుడు బయటపడింది దాని తప్పు. ఆరేళ్ళ కింద డ్రైవింగు లైసెన్సు తీసుకునేటప్పుడు కౌంటర్లో అమ్మాయి ఓటరుగా నమోదవుతారా అని అడిగితే సరేనంది. అమెరికా పౌరురాలివేనా అంటే, అమెరికా పాస్‌పోర్టు తీసి చూపించింది. చిన్నప్పటినుంచీ బళ్ళో ఆ జెండాకే దండం పెట్టినది, ఇంకేమంటుంది? ఆ ఏడాది పోయి బుద్ధిగా ఓటు కూడా వేసొచ్చింది. వేయకూడని ఓటు వేసినందుకు దరఖాస్తు కొట్టేసి, కొన్నేళ్ళాగి రమ్మన్నారు. ఇలాంటి తప్పు లోకంలో మావాళ్ళు తప్ప ఇంకెవరూ చేయలేరు.

అందుకే బాబాయి. ఆయన పౌరుడైతే భార్యగా పిన్ని వరస ముందుకొస్తుంది. ఏడాదో ఏడాదిన్నరో పట్టినా దారంటూ ఉంటుంది. ఫ్రిజ్ మీద క్యాలెండరు తగిలించి రోజూ పొద్దున్నే ఒక గడి కొట్టేసేవాడు. మే నెల నాలుగుకి లెక్క పూర్తి.

ఆయన కాపురం గురించి చెప్పాలంటే పెద్దగా ఏమీ లేదు. పొద్దున వంద ప్రశ్నల పుస్తకం బట్టీపట్టేవాడు. సెనేటర్లు ఎందరు, జడ్జీలు ఎందరు. మధ్యాహ్నం బస్సులో వెళ్ళి కూతురి పక్కన కూర్చునేవాడు. దాని చేతి నరంలోంచి రక్తం గొట్టంలోకి వెళ్ళడం చూడలేక టీవీ వైపు తిరిగి కూర్చునేవాడట. రెండుసార్లు నరం పనికిరాకుండా పోయి చెయ్యి మార్చారు. ఇదే ఆఖరి చోటు, ఇది కూడా పోతే గొట్టం గుండెదగ్గర పెట్టాలి అని డాక్టరు చెప్పాడు.

శనివారాల్లో మా చర్చి హాల్లో యమాసాకి అనే లాయరమ్మ కూర్చుంటుంది. డబ్బు తీసుకోదు, మంచి మనిషి, కానీ ఆవిడ చెప్పే ప్రతి మంచిమాట వెనకాలా ఒక 'కానీ' ఉంటుంది. మార్చిలో ఒకరోజు ఎంతో సంతోషంగా చెప్పింది.

"మీ కోసం వాషింగ్టన్‌లో మళ్ళీ బిల్లు పెట్టారండీ. అది పాసైతే మీ ద్వీపంలో పుట్టినవాళ్ళు ఇలా వచ్చి ఉండక్కర్లేదు. అక్కణ్ణుంచే పెట్టుకోవచ్చు, పరీక్ష కూడా తేలికవుతుంది."

"ఎప్పుడు పాసవుతుందమ్మా?" అన్నాడు బాబాయి.

"కమిటీలో ఉంది."

"కమిటీలో ఉంటే ఏమవుతుంది?"

లాయరమ్మ నా వైపు చూసింది. నేను చెప్పాను. "శవపేటిక చెయ్యమంటే వడ్రంగి, మంచి చెట్టు చూసిపెట్టానన్నాడట. అదీ కమిటీ అంటే."

ఈ బిల్లు మాట నేను విని విని అలిసిపోయాను. మా వాళ్ళలోనే సగంమందికి అది ఇష్టం లేదు. అందులో మొదటివాడు బాబాయి అన్నగారు, మా పెదనాన్న అలేసానా. మా కుటుంబానికంతటికీ పెద్ద. మా భూములు ఎవరి పేరా ఉండవు, కుటుంబం మొత్తానివి. పౌరసత్వమొస్తే వాళ్ళ చట్టాలొస్తాయి, వాళ్ళ చట్టాలొస్తే భూమి ఎవడైనా కొనుక్కుపోతాడు అని ఆయన భయం. వాషింగ్టన్‌కు పంపిన వ్యతిరేక లేఖల్లో ఆయన సంతకమే ముందుంటుంది. ఆ భయం ఉత్తదని నేను అనను. కానీ భూమి మీద ఉన్నంత ప్రేమ తమ్ముడి కూతురి కిడ్నీ మీద లేదే అని కోపంగా ఉండేది నాకు. బాబాయి విమానమెక్కే రోజున ఆయన ఇంట్లోంచి బయటికి రాలేదు.

ఏప్రిల్ ఇరవైన, డెబ్భై ఏడో రోజున, పెదనాన్న చనిపోయాడు. చర్చినుంచి నడిచొచ్చి చాప మీద పడుకుని మళ్ళీ లేవలేదు.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. మాలో కుటుంబ పెద్ద కూర్చుంటాడు, మాట్లాడడు. ఆయన తరఫున నిలబడి మాట్లాడడానికి వేరే బిరుదు ఉంది. చేతిలో తన ఎత్తు కర్ర, భుజం మీద ఈగలు తోలే కొబ్బరిపీచు కుచ్చు, కాళ్ళకు చెప్పుల్లేకుండా ఆరుబయట నేలమీద నిలబడి మాట్లాడతాడు. మా కుటుంబంలో ఆ బిరుదు తులిమాసా, అది బాబాయిది. ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళో ఆయన్ని సెఫనాయా అని పిలిచినవాళ్ళు లేరు. పెద్ద పోయినప్పుడు వచ్చిన కుటుంబాలన్నీ సన్నగా అల్లిన విలువైన చాపలు తెచ్చి పరుస్తాయి. వాటిని పేరుపేరునా, వంశాలతో సహా పలికి అందుకోవాల్సినవాడు తులిమాసా. అతను మాట్లాడకపోతే అందుకున్నట్టు కాదు. వచ్చినవాళ్ళకు అవమానం, పోయినాయనకు అంతకన్నా అవమానం.

సమాధి శనివారం అన్నారు. రెండు వారాలు వాయిదా వెయ్యమని బాబాయి ఫోన్లో బతిమాలాడు. మనూఆ ద్వీపాలనుంచి పడవలు బయల్దేరాయి, కుదరదన్నారు.

లాయరమ్మకి ఫోన్ చేశాను. బాబాయి పోయి రావచ్చా అని అడిగాను.

"పోయి రావడం తప్పని ఎక్కడా లేదండీ. కానీ ఆయన పేర ఇక్కడ అద్దె లేదు, కరెంటు బిల్లు లేదు, ఉద్యోగం లేదు. సోఫా ఉంది. ఇప్పుడు వెళ్తే, ఆయన ఇల్లు అక్కడే, ఇక్కడికి చుట్టపుచూపుగా వచ్చాడు అని రాసెయ్యొచ్చు. లెక్క మళ్ళీ ఒకటినుంచి మొదలు."

"రాస్తారా, రాయరా?"

"ఏ ఆఫీసరు చేతిలో పడుతుందో ఎలా చెప్పనండీ."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టుంది మా బతుకు. బాబాయికి చెప్పాను. ఫ్రిజ్ దగ్గరికి పోయి క్యాలెండరు పేజీలు తిప్పాడు, వెనక్కి ఒకసారి, ముందుకి ఒకసారి.

"మూడు నెలలంటే ముప్పై తొమ్మిదిసార్లు" అన్నాడు.

"ఏంటవి?"

"సూదులు. దాని చేతికి."

సాయంత్రం అసేనాటి వచ్చింది. మెషిను దగ్గర్నుంచి లేచొచ్చిన రోజున దాని ముఖం తెల్లబట్టలా ఉంటుంది. కుర్చీలో కూలబడి చెప్పులు కూడా విప్పలేదు.

"వెళ్ళు నాన్నా" అంది. "నేను చావనులే. ఇంకో మూడు నెలలు కూర్చుంటా అంతే గదా. నాకక్కడ టీవీ ఉంది."

"నోరుమూసుకో."

"ఊరంతా ఏమంటుందో నాకు తెలీదా? అన్న శవం దగ్గర నిలబడనివాడు అంటారు. అమ్మ అక్కడ ఒక్కతే పడాలి అవన్నీ. అమ్మనసలే పరాయి ఊరిదని అంటారు."

"మీ అమ్మ పడగలదు."

"నువ్వు పడగలవా?"

నాకు ఒళ్ళు మండింది. "బతికున్నప్పుడే నీతో మాట్లాడకుండా పంపాడు గదా పెదనాన్న, ఇప్పుడు నువ్వెళ్ళి మాట్లాడితే మాత్రం పలుకుతాడా?" అన్నాను. అనకూడని మాటే. కానీ ఇరవై ఏడేళ్ళ అలసట ఎక్కడో ఒకచోట కక్కాలి.

"ఆయన పలకడమ్మా" అన్నాడు బాబాయి మెల్లగా. "పెద్దలు పలకరు. అందుకే గదా నేనున్నది."

వెళ్ళడం మానుకుని, ఫోన్లోనైనా మాట్లాడతానని చెప్పి పంపాడు. మా అత్త కొడుకు మలాకి అక్కడ ఫోను పట్టుకుని నిలబడేలా ఒప్పందం కుదిరింది.

శనివారం పొద్దున తొమ్మిదికి, అంటే ద్వీపంలో ఎనిమిదికి, మేం ముగ్గురం కిందకి దిగాం. ఇంట్లో నిలబడి మాట్లాడకూడదు, నేల మీదే నిలబడాలి. మా భవనానికి నేలంటూ ఉన్నది కార్లు నిలిపే చోటే, అదీ తారు. ఒక మూల చెత్తడబ్బాల పక్కన రెండడుగుల మట్టి కనబడితే బాబాయి అక్కడ నిలబడ్డాడు. తెల్ల చొక్కా, నల్ల లుంగీ, ఉత్తకాళ్ళు. కర్ర ఇంటిదగ్గరుంది. నేను తుడుపుకర్ర గుడ్డ ఊడదీసి కడిగి ఇచ్చాను. కొబ్బరిపీచు కుచ్చు బదులు వంటింటి తుండు భుజాన వేసుకున్నాడు. మరెవరైనా అయితే నవ్వేదాన్ని.

అసేనాటి ఫోను నోటి దగ్గర పట్టుకుంది. అవతల్నుంచి గాలి, కోళ్ళు, కీర్తనలు. తర్వాత మలాకి గొంతు. "మావయ్యా, మొదలుపెట్టు."

బాబాయి మొదలుపెట్టాడు. ఆయన తులిమాసాగా మాట్లాడగా నేను వినడం అదే మొదటిసారి. ఇంట్లో చేమదుంప ఉడికిందా అని అడగడానికి కూడా మొహమాటపడే మనిషి, ఆ గొంతు ఎక్కడినుంచి తెచ్చాడో! ముందు కొండల పేర్లు, తర్వాత ఊళ్ళ పేర్లు, ఆ తర్వాత వచ్చిన ఒక్కొక్క కుటుంబం పేరు, వాళ్ళ తాతలు, మా తాతలతో వాళ్ళకున్న చుట్టరికాలు. కాగితం లేదు, తడబాటు లేదు. పక్కింటి ఫిలిప్పీన్స్ ఆవిడ కారు వెనక్కి తియ్యబోయి, బాబాయిని చూసి, ఇంజను ఆపేసి స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చుంది.

నాలుగో కుటుంబం దగ్గర అవతల గోల మొదలైంది. ఎవరిదో ముసలి గొంతు, అరుస్తోంది. బాబాయి ఆగాడు.

"మావయ్యా" అన్నాడు మలాకి. "వాళ్ళు ఒప్పుకోవట్లేదు. చాపలు మళ్ళీ చుట్టేస్తున్నారు. ఈ నేలమీద నిలబడని గొంతుకి మేం చాపలివ్వం అంటున్నారు. డబ్బాలోంచి మాట్లాడేవాణ్ణి ఈగలు కూడా లెక్కచెయ్యవు అన్నాడు ఒకాయన."

"నువ్వు మాట్లాడు."

"నేనెలా మాట్లాడతాను? నాకు బిరుదు లేదు గదా. తులిమాసా ఒక్కడే మాట్లాడాలి."

"పెద్దలు అక్కడే ఉన్నారా?"

"అందరూ ఉన్నారు."

"ఫోను వాళ్ళకి వినబడేట్టు పెట్టు."

మా బిరుదు ఇంకొకరు లాక్కోవాలంటే కోర్టులకెక్కి ఏళ్ళు తిరగాలి. ఉన్నవాడు తనంతట తాను వదిలేస్తే మాత్రం, కుటుంబం ముందు ఒక్క మాట చాలు. బాబాయి ఆ మాట చెప్పబోతున్నాడని అసేనాటికి నాకంటే ముందే అర్థమైంది. "నాన్నా వద్దు" అంటూ ఫోను వెనక్కి లాక్కుంది. ఆయన దాని మణికట్టు పట్టుకున్నాడు. సూదుల చెయ్యి కదా, గట్టిగా పట్టుకోలేదు. ఊరికే తన నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"తులిమాసా అన్న పేరు ఇవాళ నేను దింపుతున్నాను. నా మేనల్లుడు మలాకి ఎత్తుకుంటాడు. ఈ మాట మీరంతా విన్నారు."

అవతల ఎవరో పెద్దావిడ ఏడవడం వినబడింది. అది తెపోరా పిన్నే అనుకుంటాను. ఆ తర్వాత మలాకి, ముందు తడబడుతూ, తర్వాత కొంచెం కొంచెం గట్టిగా, కొండల పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. ఒకచోట ఒక కొండ మరిచిపోయాడు. బాబాయి పెదాలు కదిలాయి గాని శబ్దం బయటికి రాలేదు. ఇక ఆయనకి హక్కు లేదు.

పక్కింటావిడ కారు దిగి వచ్చి, ఏమీ అడక్కుండా నా భుజం మీద చెయ్యేసి వెళ్ళింది. బాబాయి తుడుపుకర్ర నాకిచ్చి మెట్లెక్కాడు. నాకు ఏడుపు ఆగలేదు. నా ఇంట్లో ఇంతమంది ఉండి వెళ్ళారు, ఎవరూ ఇంత మూల్యం కట్టలేదు. కట్టమని చట్టం అడగనూ లేదు. ఊరికే మూడు నెలలుండమంది, అంతే. ఉండడానికి ఏం పోతుందని అది రాసినవాళ్ళు అనుకుని ఉంటారు.

ఆ తర్వాత పది రోజులు ఆయన గడులు కొట్టేస్తూనే ఉన్నాడు. ఊరినుంచి ఫోన్లొస్తే మావాళ్ళు ఆయన్ని పేరుపెట్టి సెఫనాయా అని పిలవడం మొదలుపెట్టారు. మొదటిసారి ఆయన, ఎవర్నో పిలుస్తున్నారనుకుని, ఫోను నాకివ్వబోయాడు.

మే ఐదున వంటింటి బల్ల మీద దరఖాస్తు పరిచాం. నేను రాస్తున్నాను, అసేనాటి కళ్ళజోడు పెట్టుకుని తప్పులు చూస్తోంది. పుట్టిన తేదీ, పెళ్ళి తేదీ, ఎప్పుడైనా తాగి పట్టుబడ్డారా, ఎప్పుడైనా కమ్యూనిస్టు పార్టీలో ఉన్నారా. నాకు కంఠతా వచ్చినవే, చకచకా కానిచ్చేస్తున్నాను. వెనక పేజీల్లో ఒక ప్రశ్న దగ్గర బాబాయి వేలు పెట్టి ఆపాడు.

"ఇదేంటి?"

చదివి చెప్పాను. మీకు ఏ పరాయి దేశంలోనైనా వంశంనుంచి వచ్చిన బిరుదు గాని హోదా గాని ఇప్పుడు ఉందా, లేక ఎప్పుడైనా ఉండేదా? ఉంటే, దాన్ని వదులుకోవడానికి సిద్ధమేనా?

"ఇది రాజులకీ జమీందార్లకీ బాబాయ్. మనది పరాయి దేశం కాదు గదా. అందరికీ లేదనే టిక్కు పెట్టేస్తాను."

"పరాయి దేశం కాదా?"

"కాదు."

"పరాయి దేశం కాకపోతే ఇవన్నీ నన్నెందుకు అడుగుతున్నారు?"

అసేనాటి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఉండేదని రాయి" అన్నాడు బాబాయి. "వాళ్ళు అడక్కముందే ఇచ్చేశానని రాయి."

రాయడానికి అక్కడ చోటు లేదు. రెండు చిన్న గడులున్నాయంతే. నేను 'లేదు' అన్న గడిలో టిక్కు పెట్టి, కాగితం ఆయన ముందుకు సంతకానికి జరిపాను.